ముగ్గురం సంతకం చేశాం, నాలుగో ఆయన చేయలేదు: మేము కట్టుబడినట్టేనా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే మేము నలుగురం కలిసి సరుకు కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, లాభనష్టాలు సమానంగా పంచుకోవాలని ఒప్పందం రాయించాము. ముగ్గురం ఆధార్ ఓటీపీతో ఈ-సంతకాలు చేశాము. నాలుగో ఆయన పది రోజులుగా సంతకం చేయకపోగా, మా సంతకాలున్న పీడీఎఫ్‌ను మరో వ్యాపారికి చూపించి బేరమాడుతున్నారు. మేము ఇరుక్కున్నట్టేనా? అందరి సంతకాలూ ఒకేసారి పడే పద్ధతి లేదా?

జవాబు: మీరు రాసినంత వరకు చూస్తే ఇంకా ఇరుక్కోలేదు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 10ఎ సెక్షన్ చెబుతున్నా, అది ఎప్పుడు కుదిరినట్టో తేల్చేది 1872 నాటి కాంట్రాక్టు చట్టమే. దాని 5వ సెక్షన్ ప్రకారం, ఎదుటివారు తమ అంగీకారాన్ని పంపి అది వారి చేయి దాటేలోగా ప్రతిపాదనను ఉపసంహరించుకోవచ్చు. కనుక ముగ్గురూ కలిసి ఈరోజే ఈమెయిల్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ ఉపసంహరణ నోటీసు పంపండి. అయితే షరతులన్నీ వాట్సాప్‌లో ముందే ఖరారై, అడ్వాన్సు కూడా చేతులు మారి ఉంటే, ఒప్పందం అప్పుడే కుదిరిందని ఆయన వాదించవచ్చు; ఆ సందేశాలను మీ వకీలుకు చూపించాకే నోటీసు రాయించండి.

రెండో ప్రశ్న నిజానికి గణితానిది. మధ్యవర్తి లేకుండా ఇలాంటి సంతకాల మార్పిడి కచ్చితంగా న్యాయంగా జరిగే పద్ధతి ఉండదని ఈవెన్, యాకోబీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1980లోనే చూపించారు. సంతకాలైన కాగితాన్ని పెద్దమనిషి దగ్గర ఉంచి, అందరివీ పడ్డాకే బయటికి తీయించే మన అలవాటు వెనకున్న ఇబ్బందీ ఇదే. తర్వాత వచ్చిన పద్ధతుల్లో సభ్యులు ముందు సంతకానికి మాట ఇచ్చుకుంటారు, ఆపై సంతకాలు మార్చుకుంటారు. ఎవరైనా మధ్యలో ఆగిపోతేనే మధ్యవర్తి కలుగజేసుకుని, ఒప్పందాన్ని పూర్తి చేయడమో రద్దు చేయడమో చేస్తాడు. ఒప్పందం నిలవడమూ పోవడమూ తన చేతిలోనే ఉన్నాయని బయటివారికి రుజువు చూపించే వీలు ఎవరికీ లేని పద్ధతిని గారే, జాకబ్‌సన్, మెకెంజీ అనే ముగ్గురు పరిశోధకులు 1999లో ప్రతిపాదించారు. మీ నాలుగో భాగస్వామి ఆడుతున్నది సరిగ్గా ఆ పద్ధతి అడ్డుకునే ఆటే.

కానీ అలాంటి మాటను మన చట్టం సంతకంగా గుర్తించదు. కనుక ఈసారి ఒప్పందంలోనే, “నలుగురి సంతకాలూ ఫలానా తేదీ సాయంత్రం 5 గంటలలోగా పడి, పూర్తయిన పత్రం అందినట్టు నలుగురూ ధ్రువీకరిస్తేనే ఇది అమలులోకి వస్తుంది, లేనిపక్షంలో ఎవరి సంతకానికీ విలువ ఉండదు” అని రాయించండి. గడువు దాటితే ప్రతిపాదన దానంతటదే రద్దవుతుందని కాంట్రాక్టు చట్టం 6వ సెక్షన్‌లోనే ఉన్నది కాబట్టి, అప్పుడు నోటీసు పంపే పని కూడా ఉండదు.