‘చార్జి’కి ఇన్ని అర్థాలెట్లా వచ్చాయి?

సందేహం: బస్సుచార్జి, లాఠీచార్జి, ఫోన్ చార్జింగు, ఇన్‌చార్జి, చార్జిషీటు – వీటన్నిటిలో ఉన్నది ఒకే మాటేనా? అయితే అన్నిచోట్లా సరిపోయే తెలుగుమాట ఏదని పిల్లలు అడుగుతున్నారు. – ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

సమాధానం: మాట ఒకటే. అన్నిచోట్లా ఒదిగే తెలుగుమాట మాత్రం లేదు, దాని అవసరమూ లేదు.

లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే బండి. బండికి సరుకెత్తడమనే అర్థంలో దాని నుంచి పుట్టిన క్రియ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి ‘చార్జి’ అయింది. కార్గో కూడా ఆ కుదురుదే కనుక, ఆర్టీసీ బస్సులో మనమిచ్చే చార్జికీ, అదే బస్సులో పార్సిళ్లు పోయే కార్గోకూ మూలం ఒక్కటే. ఈ ‘బరువు’ను పట్టుకుంటే తక్కిన ముడులు వాటంతటవే విడిపోతాయి: ఒకరి మీద డబ్బు బరువు పెడితే రుసుము, పని బరువు పెడితే బాధ్యత, నేరం బరువు పెడితే అభియోగం. తుపాకీలో మందు కూరడాన్నీ చార్జి చేయడమే అన్నారు. 18వ శతాబ్దిలో గాజుజాడీల్లో విద్యుత్తును నిలవచేయడం నేర్చినవారు ఈ నింపడమనే అర్థాన్నే విద్యుత్తుకూ వాడగా, అది నేడు మన ఫోను దాకా వచ్చింది. లాఠీచార్జిలోని ‘మీదపడటం’ కొంత దూరపు చుట్టం.

ఈ దారి తెలుగుకు కొత్తదేమీ కాదు. మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో గడ్డిమోపు, కట్టెలమోపు అంటే నెత్తికెత్తుకునే బరువు. ‘పన్ను మోపారు’, ‘నేరం మోపారు’ అన్నప్పుడు మనం ఎత్తుతున్నదీ ఆ బరువునే. మిర్యాలగూడ రైసుమిల్లుల ‘హమాలీ చార్జీ’ మరీ ముచ్చటైనది: మోసేవాడనే అర్థమున్న అరబ్బీ మాటకు ఇంగ్లీషు బరువు తోడైంది.

ఇక వాడుక సంగతి. బస్సుచార్జికి మన దగ్గర ‘కిరాయి’ ఉండనే ఉంది, నిస్సంకోచంగా రాయవచ్చు. భౌతికశాస్త్ర పాఠంలో ‘ఆవేశం’ సరైన మాటే గాని, ఫోనుకు ఆవేశం పెట్టమని ఎవరూ అనరు గదా. అక్కడ చార్జింగే ఉండనివ్వండి. ‘ఇన్‌చార్జి’ విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. వార్డు ఇన్‌చార్జి అంటే ఆ వార్డు బాధ్యుడు. ఇన్‌చార్జి తహసీల్దారు అంటే సాధారణంగా పూర్తిస్థాయి అధికారి వచ్చేవరకు ఆ పని చూసేవారు. రెండో అర్థానికి ‘తాత్కాలిక’ అనో, ‘అదనపు బాధ్యతలు’ అనో స్పష్టంగా రాయడం మేలు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది చార్జిషీటు దగ్గర. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకు సమర్పించేదాన్ని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) చట్టమూ, దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితా ‘పోలీసు నివేదిక’ అనే అంటాయి. చార్జిషీటు, అభియోగపత్రం అన్నవి దానికి వాడుకపేర్లు. అభియోగాలను ఖరారు చేసేది కోర్టు. కాబట్టి ‘పోలీసులు అభియోగాలు ఖరారు చేశారు’ అన్న వాక్యం తప్పు. ‘అభియోగపత్రం దాఖలు చేశారు’ అని దిద్దించండి.