టెక్ సందేహాలు: వాచీ స్కోరు చూసి అమ్మ మాత్ర మార్చకండి

ప్రశ్న: మా అమ్మగారికి 62 ఏళ్లు, కీళ్లవాతం ఉంది. అన్నయ్య డల్లాస్ నుంచి పంపిన స్మార్ట్ వాచీ రోజూ ‘ఇన్‌ఫ్లమేషన్ స్కోర్’ చూపిస్తోంది. ఇక ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎంతుందో చెప్పే సీఆర్‌పీ రక్తపరీక్ష మానేయొచ్చా? ఒకే లాగిన్‌తో నలుగురం చూసుకుంటున్నాం. ఫర్వాలేదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పరీక్ష మానొద్దండి, ఆ లాగిన్ ఈరోజే మార్చండి. ఇలాంటి మెయిల్స్ చాలా వస్తున్నాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆ స్కోరు గుండె వేగం, చర్మం వేడి, నిద్ర లాంటివి చూసి వేసే అంచనా. సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే పెద్ద ప్రొటీన్. చెమటలోకి వచ్చేది చాలా కొద్దిగా. దాన్ని పట్టుకునే పట్టీని కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ యూనివర్సిటీలో శాస్త్రవేత్త వెయ్ గావ్ బృందం 2023లో చేసి చూపించింది. సన్నటి కరెంటుతో చర్మంలోకి మందు పంపి, కూర్చున్న చోటే చెమట పట్టిస్తుంది. గ్రాఫీన్ అనే పల్చటి కార్బన్ పదార్థంతో చేసిన ఎలక్ట్రోడ్‌తో సీఆర్‌పీని కొలుస్తుంది. చెమట అందరిదీ ఒకేలా ఉండదు కాబట్టి పీహెచ్, ఉష్ణోగ్రత, లవణాలు కూడా చూసి లెక్క సరిచేస్తుంది. ఇంత కష్టమైన పనిని వాచీ వెనక గుండె వేగం చూసే పచ్చ లైటు చేసేస్తుందని రోగులను నమ్మించడం అన్యాయం. సీఆర్‌పీ కంటే వందల రెట్లు చిన్నదైన గ్లూకోజ్ సంగతే చూడండి. చర్మం గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు వాడొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

స్కోరు పెరిగిందని ఇంకో మాత్ర వేయడం అన్నిటికంటే ప్రమాదం. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వాడతారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక లాగిన్. నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే. ఆ ఖాతాలో అమ్మగారి పేరు, వయసు, జబ్బు ఉంటాయి. రిమైండర్ పెట్టి ఉంటే మందు పేరు, వేసుకునే రోజు కూడా. పాస్‌వర్డ్ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. పాత ఫోన్ లాగౌట్ చేయకుండానే ఎక్స్ఛేంజ్‌కి వెళ్లిపోతుంది. రేపు ఎవరో ఫోన్ చేసి, “అమ్మా, మీ మెథోట్రెక్సేట్ డోసు మారింది, ఈ లింక్ నొక్కండి” అంటే ఆవిడ ఎందుకు అనుమానిస్తారు? మందు పేరు తెలిసినవాడు ఆస్పత్రి మనిషే అనుకుంటారు కదా!

పాస్‌వర్డ్ మార్చి, అన్ని ఫోన్లలోనూ లాగౌట్ చేయండి. రెండంచెల వెరిఫికేషన్ పెట్టండి. కాంటాక్ట్స్, లొకేషన్ అనుమతులు తీసేయండి.

తప్పంతా మీదే అనను. మన ఇళ్లలో జబ్బు ఒకరిది, ఫోన్ ఇంకొకరిది, పాస్‌వర్డ్ మరొకరిది. కూతురు తన సొంత లాగిన్‌తో చూడటానికి మాత్రమే వీలిచ్చే ఆప్షన్‌ను కొన్ని యాప్‌లు అసలు ఇవ్వవు, కొన్ని ఏడు మెనూల కింద దాచిపెడతాయి. పెద్దవాళ్ల కోసం అని అమ్మే వస్తువులో మొదటి స్క్రీన్ మీద ఉండాల్సింది అదే. అది లేని యాప్‌ను నేను మా ఇంట్లో వాడనివ్వను.

పొద్దున లేచాక అమ్మగారి వేళ్ల బిగుతు ఎంతసేపటికి వదులుతోందో ఒక నోటుబుక్కులో రాయండి. డాక్టరుగారికి ముందు అది చూపించండి, వాచీ తర్వాత.