చుట్టాలొస్తే దాక్కునే పాప

ప్రశ్న: మా పాపకి వచ్చే నెల రెండేళ్లు నిండుతాయి. ఇంట్లో ఒకటే కబుర్లు. వంటింట్లో డబ్బాలన్నీ తీసి ఏ మూత దేనిదో తనే వెతికి పెడుతుంది, అన్నం కలిపితే "నేనే" అని గిన్నె లాక్కుంటుంది. కానీ చుట్టాలొస్తే నా కొంగు వదలదు. మా తోడికోడలి బాబు ఎవరి దగ్గరికైనా వెళ్లిపోతాడు. అత్తయ్యగారు ఇది పిరికిదంటుంటే టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, తెనాలి

జవాబు: పిరికిది కాదమ్మా, అది తన స్వభావం. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు 1956లో న్యూయార్క్‌లో పసిపిల్లల్ని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. కొందరు పిల్లలు కొత్తవాళ్లని ముందు దూరం నుంచి చూసి, నెమ్మదిగా కలుస్తారనీ, ఈ తేడాలు నెలల వయసు నుంచే కనిపిస్తాయనీ చెప్పారు. కాబట్టి "మామయ్యకి ముద్దు పెట్టు" అని ముందుకి తోయకండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని మీ కబుర్లు మీరు చెప్పుకోండి, వచ్చినవాళ్లు ఆ డబ్బాల పక్కన కింద కూర్చుంటే కాసేపటికి మూత అందించడానికి తనే రావచ్చు. పిరికిదనే మాట మాత్రం పాప వినేలా అనొద్దని అత్తయ్యగారికి మీవారి చేత చెప్పించండి, ఈ వయసులో పిల్లలు మాట్లాడేదానికన్నా అర్థం చేసుకునేది చాలా ఎక్కువ.

గిన్నె లాక్కోవడం మంచిదే. ఒలికినా తిననివ్వండి.

రెండేళ్లు దాటినా "పాలు కావాలి" లాగా రెండు మాటలు కలపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా పిల్లల డాక్టరుకి చూపించాలి. మీరు రాసినదాంట్లో నాకు అలాంటిదేమీ కనిపించలేదు.