సుంకం ఎంత పెరిగింది, ఎంతకు పెరిగింది?

సందేహం: 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు పెరిగినప్పుడు మా ఊళ్లో రొయ్యల రైతులం కలిసి అర్జీ రాసుకున్నాం. ‘అమెరికా మాపై సుంకం 50 శాతం పెంచింది. ఆ సుంకం కట్టలేక నష్టపోతున్నాం. భారత్–అమెరికా వాణిజ్య లోటే దీనికి కారణం’ అని అందులో ఉంది. భాష తప్పని ఒక మాస్టారు అన్నారు. పేపర్లలో వచ్చినట్టే రాశాం కదా, తప్పెక్కడ?
– ఒక రైతు, కొత్తపట్నం ప్రాంతం, ప్రకాశం జిల్లా

సమాధానం: మాటలు చాలావరకు సరైనవే, ‘కి’, ‘కు’, ‘తో’ లాంటి ప్రత్యయాల దగ్గరే ఎక్కువగా వచ్చింది చిక్కు. హెడ్డింగులో చోటు చాలక పత్రికలు ముందుగా కోసేసేవి వాటినే. అర్జీకి ఆ ఇబ్బంది లేదు.

ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం, 27 నుంచి అదనంగా మరో 25 శాతం పడింది. కాబట్టి ‘25 శాతం నుంచి 50 శాతానికి పెంచింది’ అనాలి. ఉత్తినే ‘50 శాతం పెంచింది’ అంటే, లెక్క తెలిసినవాళ్లు 25కి దానిలో సగం కలిపి 37.5 అనుకుంటారు. తక్కినవాళ్లు 25కి 50 కలిపి 75 అనుకుంటారు. నిజంగా ఉన్నది ఆ రెండూ కాదు. రెండు శాతాల మధ్య తేడాను పాయింట్లు అని, ‘25 శాతం పాయింట్లు పెరిగింది’ అనీ ఈమధ్య రాస్తున్నారు. చెవికి ఇంకా కొత్తగా ఉన్నా తప్పు లేదు. అది రుచించకపోతే ‘ఇంత నుంచి ఇంతకు’ అని రెండు కొసలూ చెప్పేస్తే సరి.

చైనా సరుకు సంగతిలో ఈ ‘కి’ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2025 ఏప్రిల్‌లో అమెరికా దాని మీద వేసిన కొత్త సుంకాలు 145 శాతానికి చేరాయి. మే నెలలో జెనీవాలో ఒప్పందం కుదిరాక 30 శాతానికి తగ్గాయి. ‘30 శాతానికి తగ్గించారు’ అంటే మిగిలింది 30. ‘30 శాతం తగ్గించారు’ అంటే, పాయింట్లలోనే చూసినా, ఇంకా 115 ఉన్నట్టు.

ఇక ‘మాపై సుంకం’, ‘కట్టలేక’. మీరు ఆ సుంకం కట్టడం లేదు. మన కంపెనీలూ మామూలుగా కట్టవు. అమెరికాలో సరుకు దించుకునే దిగుమతిదారు అక్కడి కస్టమ్స్‌కు కడతాడు. పూర్వం సంతకు సరుకు తెచ్చినవాడి దగ్గరే సుంకరి వసూలు చేసేవాడు కాబట్టి, సుంకం అనగానే అమ్మేవాడు కట్టేదన్న ఊహ మనకు ఉండిపోయి ఉంటుంది.

అయితే మీ నష్టం ఉత్తమాట అని కాదు. కిలో రొయ్య 8 డాలర్లకు అమ్ముతున్నారనుకోండి. 50 శాతం సుంకం 4 డాలర్లు, కొన్నవాడికి మొత్తం 12 పడుతుంది. అతను బేరమాడి ధర 7కి దింపితే సుంకం కూడా మూడున్నరకు దిగుతుంది, మొత్తం పదిన్నర. మనవాళ్లు వదులుకున్నది ఒక డాలరు, అతనికి కలిసొచ్చింది డాలరున్నర. అందుకే అంతగా బిగదీస్తాడు. పైగా ఆ నెలలో మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్య మీద ఈ కొత్త సుంకం 15 శాతమే. వదులుకున్న ఆ డాలరును కంపెనీ చెరువుగట్టు రేటులో కోసుకుంటుంది. కాబట్టి ‘సుంకం మా రొయ్యల మీద, భారం మా మీద’ అన్నది సరైన మాట. పాత యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేవి), కౌంటర్‌వైలింగ్ (ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసేవి) సుంకాలు కూడా కలిస్తే రొయ్యల మీద మొత్తం 58 శాతం దాటింది. అప్పటి అర్జీలో రాయాల్సిన అంకె అది.

‘భారత్–అమెరికా వాణిజ్య లోటు’లో ఆ అడ్డగీత ఏమీ చెప్పదు. లోటు ఎవరికి? ఎవరితో? షష్ఠి ‘కు’ ఖాతా ఎవరిదో చెబుతుంది, తృతీయ ‘తో’ అవతలి పక్షాన్ని చెబుతుంది. 2024లో సరుకుల వ్యాపారంలో అమెరికాకు భారత్‌తో సుమారు 4,600 కోట్ల డాలర్ల లోటు. అదే మన వైపు నుంచి చూస్తే మిగులు. 2024–25లో భారత్‌కు చైనాతో 9,900 కోట్ల డాలర్లకు పైగా లోటు. ప్రత్యయాలు తారుమారు చేస్తే ఈ రెండు వాక్యాలూ అబద్ధాలవుతాయి. ‘సరుకుల వ్యాపారంలో’ అన్న మాట కూడా వదలకూడదు, సాఫ్ట్‌వేర్ లాంటి సేవల లెక్క వేరు.

లోటును నష్టం అనీ అనలేం. మేత కొట్టుతో మీకు ఎప్పుడూ లోటే, రొయ్యలు కొనే కంపెనీతో ఎప్పుడూ మిగులే. లాభనష్టాలు తేలేది మొత్తం పంట లెక్కలో. దేశాలకైనా ఏ ఒక్కరితోనో లోటు ఉండటం దానికదే జబ్బు కాదు. అన్ని దేశాలతోనూ కలిపి ఏటేటా పెరుగుతూ, అప్పులతో నడిచే లోటైతే ఆలోచించాలి.

చివరిది ‘లోటే’లో ఏకారం. అది మరో కారణానికి చోటివ్వదు. తొలి 25 శాతానికి లోటును ఒక కారణంగా అమెరికా చూపింది నిజమే. రెండో 25కి అది చెప్పిన కారణం రష్యా నుంచి మనం చమురు కొనడం. కాబట్టి ‘లోటు కూడా’ అనండి.

అర్జీ ఇలా ఉండొచ్చు: ‘మన రొయ్యల మీద అమెరికా కొత్త సుంకాన్ని 2025 ఆగస్టు 27న 25 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. పాత సుంకాలతో కలిపి మొత్తం 58 శాతం దాటింది. ఆ భారం వల్ల చెరువుగట్టు దగ్గర రేటు తగ్గింది.’ దీని కింద 30, 40, 50 కౌంట్లకు (కౌంటంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఆ తేదీకి ముందు రేటూ తర్వాత రేటూ విడివిడిగా రాయండి. ‘50’ అని ఒంటరిగా మాత్రం వదలకండి, చదివే అధికారి అది కౌంటో శాతమో తేల్చుకోలేడు.