సీడెడ్‌లో విత్తనం లేదు

ప్రశ్న: సినిమా కలెక్షన్లు రాసేటప్పుడు నైజాం, ఆంధ్ర, సీడెడ్ అంటారు కదా సార్. మనది వేరుశనగ నేల కాబట్టి విత్తనం అనే అర్థంలో ‘సీడ్’ నుంచి ఆ పేరొచ్చిందని మా హాస్టల్లో ఒకరన్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, తాడిపత్రి

జవాబు: కాదు నాయనా. అనంతపురం జిల్లాలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. విత్తనకాయల క్యూలో నిలబడి, ఆలస్యంగా బడికొచ్చిన పిల్లాడొకడు నోట్సులో ఈ మాటను ఎస్, రెండు ఇ-లు, డి పెట్టి మొదలుపెట్టాడు. వాణ్ణి ఏమనగలను? చెవికి రెండూ ఒకటే. మన మాట మాత్రం సి, ఇ, డి, ఇ.

విత్తనం ‘సీడ్’ పాత ఇంగ్లీషుది. మన సి, ఇ, డి, ఇ ‘సీడ్’ లాటిన్ ‘కేదెరె’ నుంచి వచ్చింది. వెళ్ళడం, తప్పుకోవడం, వదులుకోవడం దాని అర్థాలు. రిసీడ్ అంటే వెనక్కి తగ్గడం, ఎక్సీడ్ అంటే హద్దు దాటిపోవడం. నెసెసరీ కూడా ఈ ఇంటిదే: తప్పుకోవడానికి వీల్లేనిది. మన ‘తప్పనిసరి’లోనూ అదే ఉంది చూడు!

ఒక రాజ్యం తన భూమిని ఇంకొకరికి రాసిచ్చి వదులుకుంటే ఇంగ్లీషులో ఈ మాట వాడతారు. టిప్పుతో యుద్ధాల వల్ల తనకు దక్కిన సీమను నిజాం 1800లో, కంపెనీ సైన్యం ఖర్చు కింద ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. కడప, అనంతపురం, బళ్ళారి ప్రాంతాలు అలా సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అయ్యాయి. కర్నూలు పట్టణం మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది.

వ్యాకరణం చెప్పేటప్పుడు ఈ మాట దగ్గర నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. సీడెడ్ అంటే ‘ఇచ్చేయబడిన’. ఇచ్చినవాడు అందులో కనపడడు, పుచ్చుకున్నవాడూ కనపడడు. మనల్ని అడిగినవాళ్ళు ఎలాగూ లేరు. తెలుగులో ‘దత్త మండలాలు’ అన్నారు, అదీ ఆ బాధే. 1916లో మొదలైన మన అనంతపురం ఆర్ట్స్ కాలేజీకి కూడా అప్పుడు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అనే పేరు పెట్టారు.

ఆ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారే 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ అనే పేరు సూచించారు. జనం ఆ పేరునే నిలుపుకున్నారు. పాత పేరు సినిమా డిస్ట్రిబ్యూటర్ల లెక్కల్లో ఉండిపోయింది.