సినిమా పాటకు వెళ్తున్న మేనకోడలికి

మూలాపేట,
నెల్లూరు.

చిరంజీవి అమ్మలుకి అత్తయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోనులో ఏడ్చిన తర్వాత నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు ఏదో ఓదార్చాను కానీ, చెప్పవలసింది సరిగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. హైదరాబాదు స్టూడియోలో "ఆ కచేరీ వాసన తగ్గించండి" అన్నారని, అదే వారం ఒంగోలులో గురువుగారు "సినిమాకు పాడేటట్లయితే ఇక నా దగ్గరికి రావద్దు" అన్నారని చెప్పావు. పన్నెండేళ్లు నేర్చుకున్న సంగీతమే నాకు అడ్డమైందా అత్తయ్యా, అని అడిగావు.

అడ్డం కాలేదు తల్లీ. కానీ ఆ స్టూడియోలో అన్న మాటలోనూ నిజం ఉంది. అది అవమానంగా తీసుకోకుండా విను.

మన చదువులో ఎక్కువ భాగం స్వరాన్ని ఎలా కదిలించాలో నేర్చుకోవడమే. తోడి రాగంలో గాంధారాన్ని ఊపకుండా నిలబెడితే అది తోడి అనిపించుకోదు. ఏళ్ల తరబడి సాధన చేసిన ఆ కదలిక నీ గొంతులో ఎంతగా నాటుకుపోయిందంటే, నీకు తెలియకుండానే ప్రతి స్వరమూ ఊగుతుంది. సినిమా పాటలో స్వరకర్త ఒక స్వరాన్ని తిన్నగా నిలపమన్నాడంటే, దాని కింద వాయిద్యాలు మరో రెండు మూడు స్వరాలను పేర్చి ఉంటాయి. నువ్వు పైన కదిపితే కింద ఆయన కట్టినదంతా చెదురుతుంది. కాబట్టి సంగీతం వచ్చినవాళ్లు సినిమా పాట కోసం మొదట నేర్చుకోవలసింది ఆ కదలికను, అంటే గమకాన్ని, ఆపడం. అది గమకం వేయడమంత కష్టం. నాకు రెండేళ్లు పట్టింది.

తిన్నని స్వరం మనకు పరాయిదని అనుకోకు. ముత్తుస్వామి దీక్షితార్ గారు ఈస్టిండియా కంపెనీ బ్యాండ్లు వాయించే పాశ్చాత్య బాణీలు విని వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. నొట్టుస్వరాలని వాటికి పేరు. శంకరాభరణ స్వరాలలో, గమకాలు లేకుండా నడుస్తాయి. నీ ఆరేళ్లప్పుడు నేను నేర్పిన 'శ్యామలే మీనాక్షి' అలాంటిదే. కమలాంబా నవావరణ కృతులు చేసిన మహానుభావుడే ఇవీ చేశారు. నువ్వు వాటిని పిల్లల పాటలని పక్కన పెట్టేశావు. ఇప్పుడు మళ్లీ తీయి. రోజూ పావుగంట, ఒక్కొక్క స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు గీత గీసినట్లు నిలిపి పాడు. ఫోనులో రికార్డు చేసుకుని విను. ఎక్కడ ఊగుతున్నావో నీకే వినిపిస్తుంది.

ఇంకొకటి. నువ్వు అంతర గాంధారం, అంటే పై మెట్టు 'గ', శ్రుతిశుద్ధంగా పాడినా "కొంచెం తగ్గింది" అన్నారని బాధపడ్డావు కదా. తప్పు నీది కాదు, వాళ్లదీ కాదు. తంబురా మీటినప్పుడు షడ్జమం తీగలోంచి దానంతట అదే వినిపించే గాంధారం ఒకటుంది. నీ చెవికి బాగా అలవాటైనది అదే. కీబోర్డులో షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఉన్న స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు కనుక దాని గాంధారం కొద్దిగా పైన ఉంటుంది. పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని నూరు భాగాలనుకుంటే, సుమారు 14 భాగాలు ఎక్కువ. పంచమం దగ్గర తేడా రెండు భాగాలే కాబట్టి అక్కడ నీకు ఇబ్బంది రాదు. అందుకని వారంలో రెండు రోజులు తంబురా ఆపి కీబోర్డుతో పాడు. మిగిలిన రోజులు మాత్రం తంబురాను వదలకు. చెవి రెండిళ్లలోనూ మసలగలగాలి.

శ్రుతి సంగతి కూడా ముఖ్యమైనదే. కచేరీలో నీ శ్రుతి నువ్వు ఎంచుకుంటావు. ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడతావు. సినిమాలో పాట ఏ శ్రుతిలో ఉండాలో స్వరకర్త నిర్ణయిస్తాడు. యుగళగీతమైతే మగగొంతుకు అనువుగా పెట్టిన శ్రుతిలో నీ చరణం తారస్థాయికి ఎగబాకుతుంది. అక్కడ గుండె బలంతో తోయవద్దు. గొంతులు చెడిపోయేది అక్కడే. పై స్వరాలను ఉకారంలో, చాలా సన్నగా, పిల్లను నిద్రపుచ్చుతున్నట్లు మొదలుపెట్టు. బలం నెమ్మదిగా దానంతట అదే వస్తుంది. గొంతు నొప్పి పుడితే ఆపి, "శ్రుతి అర మెట్టు తగ్గించగలరా" అని మర్యాదగా అడుగు. అడగడం తప్పు కాదు. నేను అడగలేక ఒక చలికాలమంతా గొంతు పోగొట్టుకున్నాను.

స్టూడియోకి నూలు చీరో, నూలు చుడీదారో కట్టుకుని వెళ్లు. పట్టు గరగరలు, గాజుల చప్పుడు మైకులో పడతాయి. తొడ మీద తాళం వేయకు, అది కూడా పడుతుంది. కాలి బొటనవేలితో లెక్కపెట్టుకో. హెడ్‌ఫోను ఒక చెవి మీద నుంచి కొంచెం జరిపి ఉంచుకుంటే నీ గొంతు నీకు నేరుగా వినిపిస్తుంది. ప, ఫ, భ వచ్చినప్పుడు ముఖం కాస్త పక్కకు తిప్పు. సభలో చివరి వరుస దాకా వినిపించాలని నేర్చుకున్న గొంతు నీది. మైకు ముందు, పక్కన కూర్చున్న ఒక్కరి చెవిలో చెబుతున్నట్లు పాడాలి.

వాళ్లు బాణీ వినిపించగానే సాహిత్యం మీద స్వరాలు వేసుకో. మిగతావాళ్లు పదిసార్లు వింటే గానీ పట్టుకోలేనిది నీకు రెండుసార్లలో వస్తుంది. మద్రాసులో మా రోజుల్లో వాద్యగాళ్లందరూ ఒకేసారి వాయిస్తుంటే పాడేవాళ్లం. కోరస్‌లో ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి రావాలి. స్వరం రాసుకోవడం వచ్చు కాబట్టే కోడంబాకంలో నన్ను మళ్లీ మళ్లీ పిలిచారు. ఇప్పుడు ఒక్కొక్క వాక్యం విడివిడిగా పాడించుకుంటున్నారు. అది అలవాటైతే పాట మొత్తాన్ని ఒక ఊపిరిగా చూసే గుణం పోతుంది. ఇంటి దగ్గర పల్లవి నుంచి చివరి చరణం దాకా ఆగకుండా పాడిన తర్వాతే వెళ్లు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న విషయానికి వస్తాను. మాట. కృతి పాడేటప్పుడు తాళం కోసం, సంగతి కోసం (ఒకే వరుసను మార్చి మార్చి పాడడం కోసం) పదాన్ని మధ్యలో సాగదీయడం మనకు అలవాటు. భక్తుడైన శ్రోతకు ఆ సాహిత్యం ముందే వచ్చు కాబట్టి అక్కడ సరిపోతుంది. సినిమా పాట వినేవాడికి ఆ మాట అప్పుడే మొదటిసారి చెవిన పడుతుంది. పదం మధ్య ఊపిరి తీస్తే అర్థం రెండు ముక్కలవుతుంది. కాగితం మీద ఊపిరి గుర్తులు పెట్టుకుని, పాటను ముందు పద్యంలా పైకి చదువు. ళ, ల కలిపేయకు. శ ను ష చేయకు. వత్తులు మింగకు. బాలు గారు టీవీలో పిల్లల చేత పాడించేటప్పుడు ఉచ్చారణ దగ్గర ఆగి ఎంత ఓపికగా సరిదిద్దేవారో నువ్వు చూశావు. ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు. మాట మీద బాలు గారికున్న ప్రేమ ఆ ఇంట్లోనే పుట్టిందని నా నమ్మకం. హరికథలు వెతికి విను. రాగం నడుస్తూ ఉండగానే కథ ఎలా వినిపించాలో అక్కడ తెలుస్తుంది.

బాలు గారి మాట వచ్చింది కాబట్టి నీ ప్రశ్నకు అసలు జవాబు కూడా ఇక్కడే చెబుతాను. 1980లో శంకరాభరణం విడుదలైనప్పుడు నేను మద్రాసులో ఉన్నాను. అందులో సంగీత విద్వాంసుడికి గొంతు ఇచ్చిన మన నెల్లూరు బాలు గారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. ఆ సినిమా స్వరకర్త మహదేవన్ గారి సహాయకులు పుహళేంది గారు దగ్గర కూర్చుని నేర్పిస్తే, పట్టుదలతో సాధన చేసి పాడారు. అదే సినిమాలో పాడిన వాణీజయరాం గారు కర్ణాటక, హిందుస్థానీ సంగీతాలు రెండూ నేర్చుకున్నవారు. ఇద్దరికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. చదువు లేని ఆయన చదువు దగ్గరికి నడిచి వెళ్లారు. చదువుకున్న ఆమె పాటకు ఎంత కావాలో అంతే ఇచ్చారు. నువ్వు చేయవలసింది ఆమె చేసిన పని. నీ దగ్గర ఉన్నదంతా ప్రతి పాటలోనూ చూపించాలన్న ఆరాటం వదులుకో. చరణం చివర ఒక చిన్న సంగతి అడిగిన రోజున, అది నీ గొంతులో సిద్ధంగా ఉంటే చాలు.

గురువుగారి విషయంలో తొందరపడకు. ఆయన మీద కోపం పెంచుకోకు. పాఠం మొదలుపెట్టే ముందు ఆయన ఏం చెబుతారో గుర్తు చేసుకో. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల అని, ఆ కాకర్ల మన ప్రకాశం వైపుదేనని, శ్యామశాస్త్రి గారి పూర్వీకులు కంభం నుంచి తరలి వెళ్లినవారని ఎంత గర్వంగా చెబుతారు! ఇక్కడి నుంచి వెళ్లిపోయిన సంగీతాన్ని మళ్లీ ఇక్కడి పిల్లల గొంతులో నిలపాలని ముప్పై ఏళ్లుగా తపిస్తున్న మనిషి. నువ్వు కూడా వెళ్లిపోతావని ఆయన భయం. ఫోనులో వాదించవద్దు. పండ్లు తీసుకుని ఇంటికి వెళ్లి, కింద కూర్చుని, ఆయన చివరిగా నేర్పిన వర్ణం రెండు కాలాలలో తప్పు లేకుండా పాడు. విజయనగరంలో మధూకరం ఎత్తుకుంటూ, అంటే ఇంటింటా అన్నం అడిగి తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర చదువుకున్న ఘంటసాల గారి ఆ చదువు, సినిమా పద్యం చివర ఆయన తీసే నాలుగు క్షణాల రాగంలో ఎలా వినిపిస్తుందో గురువుగారికి నువ్వు చెప్పనక్కరలేదు, తెలుసు. ఆ రోజు కరగకపోతే నెల తర్వాత మళ్లీ వెళ్లు.

ఇక నేను ఇంతవరకు మీ నాన్నకు కూడా చెప్పని సంగతి. మద్రాసు వెళ్లిన నాలుగో ఏడు నాకు ఒక పూర్తి పాట వచ్చింది. పాడాను, బాగుందన్నారు, డబ్బు ఇచ్చారు. నెల్లూరులో ఆ సినిమా ఆడుతుంటే అమ్మనీ, పిన్నినీ, వీధిలో ఇద్దరు ముగ్గురినీ వెంటబెట్టుకుని వెళ్లాను. పాట మొదలైంది. గొంతు నాది కాదు. నాది తీసేసి ఇంకొకరి చేత పాడించారు, నాకు ఎవరూ చెప్పలేదు. చీకట్లో అమ్మ నా చేయి పట్టుకుంది. ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చాక కూడా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఏడాది నేను ఇంట్లో కూడా పాడలేదు.

అందుకే చెబుతున్నాను, పాట బయటికి వచ్చి నీ పేరు కనిపించేదాకా ఎవరికీ చెప్పకు. నువ్వు పాడుతున్నది తర్వాత ఇంకొకరు పాడడానికి నమూనాగా ఉంచే ట్రాకా, అసలు పాటా అని ముందే అడుగు. ఎంత ఇస్తారో, పేరు వేస్తారో లేదో కాగితం మీద రాయించుకో. మాకు లేని ఆసరా మీకు ఒకటి ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి గాయకులకు కూడా రాయల్టీ హక్కు కల్పించారు. ఆ మరుసటి ఏడాది గాయకుల తరఫున వసూలు చేసే ఇండియన్ సింగర్స్ రైట్స్ అసోసియేషన్ ఏర్పడింది. మొదటి పాట విడుదల కాగానే అందులో సభ్యత్వం గురించి కనుక్కో. ఒప్పందాన్ని మీ అన్నయ్యకు చూపించకుండా సంతకం పెట్టకు.

తెల్లవారుజామున ఆ గంట మాత్రం ఎవరికీ ఇవ్వకు. రాత్రి రెండింటికి రికార్డింగ్ ముగిసిన రోజు నిద్రపో, కానీ సాయంత్రం ఆ బాకీ తీర్చు. మంద్రస్థాయి సాధన, జంట స్వరాలు, ఒక వర్ణం, ఎవరూ అడగని ఒక రాగం.

రికార్డింగ్ అయ్యాక వచ్చే ఆదివారం ఒంగోలులో పినాకిని ఎక్కి రా. వాళ్లు ఇచ్చిన ట్రాకు తీసుకురా, నొట్టుస్వరాలు రాసుకున్న నీ పాత పుస్తకమూ తీసుకురా. తంబురాకు కొత్త తీగలు వేయించాను. ఐదున్నరకు కలిపి ఉంచుతాను.

నీ అత్తయ్య