ఒక దర్రీకి రెండు ధరలు

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మా తాతగారి కాలం నుంచీ దర్రీలు (నేల మీద పరిచే నూలు తివాచీలు) నేస్తున్నాము. నాన్న, పెదనాన్న మగ్గం మీద కూర్చుంటారు. నేను బి.కాం. పూర్తిచేసి, రెండేళ్లుగా కొత్త డిజైన్లు గీసి ఇన్‌స్టాగ్రామ్ ద్వారా అమ్ముతున్నాను. నెలకు పదిహేను వరకూ అమ్ముడుపోతున్నా చేతిలో డబ్బు నిలవడం లేదు. లండన్‌లో సృజనాత్మక వ్యాపార నిర్వహణలో ఏడాది పీజీ చేస్తే, చదువుతూనే అక్కడ సంస్థ పెట్టుకోవచ్చని, అన్నీ కలిపి 32 లక్షలు అవుతుందని హనుమకొండలో ఒక కన్సల్టెన్సీ వారు చెప్పారు. నాన్న ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు. వెళ్లమంటారా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వెళ్లవద్దని అననుగానీ, వచ్చే సెప్టెంబరులో మొదలయ్యే కోర్సుకే వెళ్లవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ముందుగా ఆ కన్సల్టెన్సీ మాట సంగతి చూద్దాం. బ్రిటన్ విద్యార్థి వీసా మీద ఉన్నవారు సొంత వ్యాపారం చేయరాదు, స్వయం ఉపాధి కూడా నిషిద్ధమే. డిగ్రీ, పీజీ విద్యార్థులు చదువు సాగే రోజులలో వారానికి 20 గంటల వరకూ మరొకరి దగ్గర ఉద్యోగం మాత్రమే చేయవచ్చు. కనుక ఆ ఏడాది మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీని ఇంట్లో ఎవరు నడుపుతారన్నది మీరు ఇప్పుడే తేల్చుకోవలసిన విషయం. కోర్సు పూర్తయ్యాక దరఖాస్తు చేసుకునే గ్రాడ్యుయేట్ వీసాలో స్వయం ఉపాధికి అనుమతి ఉంటుంది. దాని గడువు ఇంతవరకూ రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టేవారికి ఆ ఆరు నెలల తేడా చిన్నది కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. అమ్మకాలు ఉన్నా డబ్బు నిలవడం లేదని మీరే రాశారు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల ఇంటర్‌లాక్ దర్రీని 3,000 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. నూలు, రంగు, కొరియర్ ఖర్చు మీ పుస్తకంలో ఉండే ఉంటాయి. రంగు మారిన ప్రతిచోటా నాన్నగారు చేయి ఆపి రెండు పేక పోగులను ఒకదానిలో ఒకటి మెలివేసే సమయం అందులో ఉందా? పడుగు సిద్ధం చేయడానికి పట్టిన పూట, రాత్రి భోజనాలయ్యాక అమ్మ కూర్చుని ముడివేసిన కుచ్చుల కూలి ఉన్నాయా? ఇంట్లోవారి పనికి కూలి కట్టడం మనకు తప్పుగా తోస్తుంది. అందుకే మగ్గం ఉన్న ఇళ్లలో చాలామందికి తాము నష్టానికి అమ్ముతున్నామని ఏళ్ల తరబడి తెలియదు. విదేశీ దుకాణదారు తాను అమ్మే ధరలో సుమారు సగానికో, అంతకన్నా తక్కువకో సరుకు కొంటాడు; అక్కడి అమ్మకపు ధరలో 20 శాతం వ్యాట్ (అమ్మకాల మీద పన్ను) కూడా కలిసి ఉంటుంది. మీ పేజీలో 3,000 అని చూసినవాడు 1,500కు అడుగుతాడు. కూలి అంతా కలిపి మీకు పడిన ఖర్చు 1,800 అయితే, వంద దర్రీల ఆర్డరు అంటే 30,000 రూపాయల నష్టం. టోకు ధర, చిల్లర ధర వేరువేరుగా ఏర్పడనంతకాలం ఆర్డరు పెరిగేకొద్దీ అప్పే పెరుగుతుంది.

నా అనుభవం కూడా చెబుతాను. పాతికేళ్ల కిందట బ్రిటన్‌లోని ఒక దుకాణం అమ్ముడుపోయాకే డబ్బు ఇస్తామన్న ఒప్పందం మీద నా దగ్గర నలభై తివాచీలు తీసుకుంది. ఎనిమిది నెలల తరువాత ముప్పై ఒకటి తిరిగి వచ్చాయి; వాటిలో రెండింటి మీద కాఫీ మరకలు ఉన్నాయి. మరక పడితే ఎవరు భరించాలో కాగితంలో రాసుకోలేదు కనుక ఆ నష్టం నేనే భరించాను.

ఇటువంటి కాగితం రాయడం, ధర కట్టడం, డిజైన్ హక్కులు కాపాడుకోవడం ఆ కోర్సులలో నిజంగానే నేర్పుతారు. హస్తకళలతో సహా 13 సృజనాత్మక రంగాలను 1998లోనే లెక్కగట్టి పత్రం వెలువరించిన దేశం బ్రిటన్. అంతకన్నా విలువైనది కొనేవారి ఇల్లు కళ్లారా చూడడం. మీ దర్రీ ఎటువంటి నేల మీద పరుస్తారో, దానిని ఎలా ఉతుకుతారో, గోడ రంగు ఏమిటో కొత్తవాడలో కూర్చుంటే తెలియదు. (ఓరుగల్లు తివాచీలు 1851లోనే లండన్ మహాప్రదర్శనకు వెళ్లివచ్చాయి; నేసినవారు మాత్రం ఇక్కడే ఉండిపోయారు.) అయితే ఏడాది లెక్కల పుస్తకం చేతిలో ఉన్నవారికే ఆ తరగతి గది ఉపయోగపడుతుంది.

కాబట్టి ఈ ఏడాది ప్రతి దర్రీకీ గంటలతో సహా ఖర్చు రాయండి. మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్‌లో ది హ్యాండ్లూమ్ స్కూల్ యువ నేత కార్మికులకు డిజైన్‌తో పాటు వ్యాపారమూ నేర్పుతుంది. దాని సంగతి కనుక్కోండి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ గుర్తింపును వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి, ఆ పని కూడా ముగించండి. మీరు వెనుకబడిన తరగతులకు చెందినవారై, కుటుంబ వార్షికాదాయం 5 లక్షల లోపు ఉంటే, మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి కింద రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల వరకూ ఇస్తుంది. తొలి విడత సైతం అక్కడ దిగిన ఆధారం చూపిన తరువాతే వస్తుంది కనుక మొదటి ఖర్చులకు డబ్బు ముందే సమకూర్చుకోవాలి. ఇల్లు తాకట్టు అన్నది ఆ దారి మూసుకుపోయాక ఆలోచించవలసిన సంగతి.

ప్రశ్న: మాది పెంబర్తి. ఇత్తడి పని చేస్తాము. చదువు కోసం కాదు, లండన్‌లో ప్రదర్శనకు పది రోజులు వెళ్లి కొన్ని వస్తువులు అమ్ముకుని రావచ్చునా?
— ఒక పాఠకుడు, జనగామ జిల్లా

జవాబు: సందర్శక వీసా మీద వాణిజ్య ప్రదర్శనకు వెళ్లి వస్తువులు చూపవచ్చు, ఆర్డర్ల గురించి మాట్లాడవచ్చు; అక్కడికక్కడే జనానికి నేరుగా అమ్మరాదు. చూపి తిరిగి తెచ్చుకునే వస్తువులకు వాణిజ్య మండళ్ల సమాఖ్య ఫిక్కీ జారీచేసే ఏటీఏ కార్నే (సరుకును తాత్కాలికంగా విదేశానికి తీసుకువెళ్లే పత్రం) తీసుకుంటే అక్కడ సుంకం కట్టనవసరం లేదు. బయలుదేరే ముందు ప్రతి వస్తువునూ తూచి, బరువుతో సహా జాబితాలో రాయండి. ఆ జాబితాలోని ఒక్క దీపపు కుంది తిరిగి రాకపోయినా సుంకం మీ మీదే పడుతుంది.